ఆగమంటే ఆగని చక్రం

అంబాజీపేట వైపు కొబ్బరికాయల బస్తాలతో, ఆకివీడు వైపు చేపల ట్రేలతో, తెల్లవారుజామున పాల క్యాన్లతో కాలువ గట్ల వెంట పరుగులు తీసే మోపెడ్లను గోదావరి జిల్లాల్లో చూడనివారుండరు. బండి బరువుకు రెండింతల బరువు మోసినా కిమ్మనవు. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50 వచ్చాక మన పల్లెల్లో ఎద్దుబండి పనిలో కొంత భాగాన్ని ఈ చిన్న బండ్లు నెత్తికెత్తుకున్నాయి. టీవీఎస్ వారి ఎక్స్.ఎల్. బండ్లు ఆ కోవలోవే.

ఈసారి అటువంటి బండి ఎక్కడైనా ఆగి ఉంటే దాని చేతిపిడులను పరిశీలించండి. మోటారు సైకిలుకైతే ఎడమచేతి దగ్గర క్లచ్చి మీట, కాలి దగ్గర గేర్లు మార్చే మీట ఉంటాయి. మోపెడ్డుకు ఈ రెండూ లేవు. రెండు చేతుల దగ్గరా ఉన్నవి బ్రేకులే! యాక్సిలరేటరు తిప్పితే బండి కదులుతుంది. వదిలేస్తే ఇంజను నడుస్తూనే ఉంటుంది గాని బండి నిలబడుతుంది. మరి దీనికి క్లచ్చి లేదా? ఉంది. దానిని నొక్కేది మాత్రం మన చేయి కాదు, ఇంజను వేగమే.

ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులు పోటీల కోసం తయారు చేసే గో-కార్టు సంగతి మీలో కొందరు వినే ఉంటారు. నాలుగు చిన్న చక్రాలు, ఇనుప గొట్టాల చట్రం, వెనుక ఒక చిన్న ఇంజను. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన పచ్చిక కోసే యంత్రపు ఇంజను బిగించి మొదటి కార్టును తయారు చేశాడు. చిన్న కార్టుల్లో చాలావాటికి ఉండేది ఈ మోపెడ్డు రకం క్లచ్చే. కాబట్టి కొబ్బరికాయల బండికీ, పందెపు కార్టుకూ వచ్చే జబ్బులు కూడా ఒకటే. వాటిలో ముఖ్యమైన జబ్బు ఇది: యాక్సిలరేటరు పూర్తిగా వదిలేసినా వెనుక చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఎందుకు? కారణం ఎలా పట్టుకోవాలి? ఈ వ్యాసంలో చూద్దాం.

గట్ల మధ్య కాలువ

విద్యుత్తు మోటారు నిశ్చల స్థితి నుంచే బలంగా తిరగగలదు. పెట్రోలు ఇంజను అలా చేయలేదు. సిలిండరులో గాలీ పెట్రోలూ చేరాలి, పిస్టను వాటిని నొక్కాలి, ప్లగ్గు నిప్పురవ్వ ఇవ్వాలి, అప్పుడే ముందుకు తోసే బలం పుడుతుంది. ఈ తోపుకూ, మరో తోపుకూ మధ్య ఇంజనును తిప్పుతూ ఉండేది బరువైన ఫ్లైవీలు. నాలుగు స్ట్రోకుల ఇంజను నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంటే అందులో తోపులు 750 మాత్రమే, అనగా సెకనుకు 12 లేక 13. వేగం మరీ తగ్గితే ఫ్లైవీలులో ఉన్న శక్తి తరువాతి నొక్కుడుకు చాలక ఇంజను ఆగిపోతుంది.

బండి నిలిచి ఉండగా ఇంజను ఇలా తనంత తాను మెల్లగా నడవడాన్నే ఐడ్లింగు అంటారు. అప్పుడు కాలే పెట్రోలు చక్రం తిప్పడానికి కాదు. ఇంజను సొంత ఘర్షణను జయించడానికీ, గాలిని లోపలికి పీల్చి బయటికి తోయడానికీ.

కాబట్టి ఐడ్లింగు వేగానికి కింద ఒక హద్దు ఉంది: అంతకన్నా తగ్గితే ఇంజను ఆగిపోతుంది. పైన కూడా ఒక హద్దు ఉంది: అంతకన్నా పెరిగితే క్లచ్చి పట్టుకుని బండి కదులుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి కాలువలతో బతుకుతున్న వాళ్లం మనం. మనకు ఈ సంగతి సులువుగానే బోధపడుతుంది. కాలువలో నీరు మరీ తగ్గితే చేనుకు ఎక్కదు. మరీ పెరిగితే గట్టు దాటి పొర్లుతుంది. అయితే ఒకటి గుర్తుంచుకోండి. నీరు పొర్లిందంటే నీరు పెరిగి ఉండవచ్చు, లేదా గట్టే కుంగి ఉండవచ్చు. మన బండి జబ్బు గుట్టంతా ఈ రెండు మాటల్లోనే ఉంది.

వడిసెల చెప్పే పాఠం

చేలో పిట్టలను తోలడానికి వడిసెల తిప్పడం మీ ఊళ్లో పెద్దలనడిగితే చెబుతారు. రాయి వేగంగా తిరిగేకొద్దీ తాడు మరింత బిగుసుకుంటుంది. రాయి తిన్నగా పోవాలని చూస్తుంది. తాడు దానిని లోపలికి లాగి గుండ్రంగా తిప్పుతుంది. ఈ లోపలికి లాగే బలమే అభికేంద్ర బలం. అది చాలకపోతే రాయి వలయంలో నిలవదు.

ఇప్పుడు క్లచ్చి లోపల చూద్దాం. ఇంజను ఇరుసుతో పాటు తిరిగే బరువైన ముక్కలు రెండో మూడో ఉంటాయి. వీటిని షూలు అంటారు. వీటి వెలుపలి అంచుకు బ్రేకుకు ఉన్నట్టే లైనింగు అంటించి ఉంటుంది. షూలను లోపలికి లాగి పట్టుకునేది స్ప్రింగు. వీటి చుట్టూ, తాకకుండా సన్నని సందు వదిలి, గిన్నె వంటి డ్రమ్ము ఉంటుంది. ఆ డ్రమ్ము నుంచి పళ్లచక్రాలు, గొలుసు ద్వారా వెనుక చక్రానికి చలనం అందుతుంది.

ఇక్కడ రాయి షూ, తాడు స్ప్రింగు. ఇంజను మెల్లగా తిరిగినంతసేపు స్ప్రింగు షూలను లోపలే ఉంచగలదు. వేగం పెరిగితే స్ప్రింగు బలం చాలదు. షూలు బయటికి జరిగి డ్రమ్మును తాకుతాయి. ఘర్షణ వల్ల డ్రమ్ము కూడా తిరగసాగుతుంది, బండి కదులుతుంది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాల వేగాన్ని అదుపు చేయడానికి గుండ్లు తిరిగే గవర్నరును అమర్చిందీ ఈ సూత్రం మీదనే.

కొంచెం లెక్క

కావలసిన అభికేంద్ర బలం = ద్రవ్యరాశి × వ్యాసార్థం × కోణీయ వేగం వర్గం. ఒక షూ ద్రవ్యరాశి 100 గ్రాములు, అది తిరిగే వలయపు వ్యాసార్థం 4 సెంటీమీటర్లు అనుకుందాం. నిమిషానికి 1500 చుట్లంటే సెకనుకు సుమారు 157 రేడియన్లు. అప్పుడు కావలసిన బలం దాదాపు 99 న్యూటన్లు. వేగం రెట్టింపు చేసి 3000 చుట్లకు పెంచండి. బలం రెట్టింపు కాదు, నాలుగింతలు అవుతుంది. సుమారు 395 న్యూటన్లు! వేగం వర్గం అన్న మాటకు అర్థం ఇదే.

మన స్ప్రింగు 150 న్యూటన్ల బలంతో లాగుతుందనుకుందాం. లెక్క వేస్తే షూలు కదలడం మొదలయ్యేది నిమిషానికి సుమారు 1850 చుట్ల దగ్గర. ఐడ్లింగు 1500 అయితే మధ్యలో 350 చుట్ల ఎడం ఉంది. బండి బుద్ధిగా నిలబడుతుంది.

ఇప్పుడు ఎవరో ఐడ్లింగును 2000కు పెంచారు. అది 1850 దాటింది. చక్రం తిరుగుతుంది. నీరు పెరిగిందన్నమాట.

మరో బండిలో ఐడ్లింగు 1500 దగ్గరే ఉంది. కాని స్ప్రింగు నీరసించి 90 న్యూటన్లే లాగుతోంది. షూలు కదిలే వేగం సుమారు 1430కి పడిపోయింది. ఐడ్లింగు దానికన్నా ఎక్కువ. చక్రం తిరుగుతుంది. ఇక్కడ కుంగింది గట్టు.

రెండు బండ్లలోనూ కంటికి కనిపించే లక్షణం ఒకటే. మొదటి బండి క్లచ్చి విప్పితే డబ్బు దండుగ. రెండో బండి ఐడ్లింగు తగ్గిస్తే ఇంజను ఆగిపోతుంది, జబ్బు అలాగే ఉంటుంది. లక్షణం చూడగానే స్క్రూడ్రైవరు అందుకోకూడదని చెప్పేది ఇందుకే.

దొంగను పట్టే పద్ధతి

మంచి మెకానిక్కు ఏం చేస్తాడో గమనించండి. ఒక్కసారి ఒక్కదాన్నే మారుస్తాడు. మార్చాక ఏమైందో చూస్తాడు. ప్రయోగశాలలో మనం చేసేదీ అదే కదా!

మొదటి పరీక్ష: తిరుగుతున్నది నిజంగా క్లచ్చి పట్టడం వల్లనేనా? కొన్ని బండ్లలో క్లచ్చి నూనెలో మునిగి ఉంటుంది. 2015లో వచ్చిన ఎక్స్.ఎల్. 100 అటువంటిదే. షూలు తాకకపోయినా మధ్యలో ఉన్న నూనె తన స్నిగ్ధత వల్ల డ్రమ్మును కొద్దిగా ఈడుస్తుంది. సెంటర్ స్టాండు మీద ఉన్న చక్రానికి బరువు లేదు గనుక అది నింపాదిగా తిరుగుతుంది. మెకానిక్కు వెనుక బ్రేకు మెల్లగా వేస్తాడు. చక్రం వెంటనే ఆగిపోయి, ఇంజను శబ్దం మారకపోతే అది నూనె ఈడ్పు మాత్రమే, జబ్బు కాదు. బ్రేకు వేయగానే ఇంజను మూలిగి, ఆగిపోయేలా ఉంటే క్లచ్చి పట్టుకుందన్నమాట.

రెండో పరీక్ష: ఐడ్లింగు తగ్గించి చూడడం. ఇంజను బాగా వేడెక్కాక కార్బ్యురేటరు మీది ఐడ్లింగు స్క్రూను కొద్దికొద్దిగా వదులు చేస్తాడు. ఇంజను నిలకడగా నడుస్తూ చక్రం ఆగిపోతే దోషి ఐడ్లింగు. ఇంజను ఇక ఆగిపోతుందనేంత తగ్గించినా చక్రం బలంగా తిరుగుతూనే ఉంటే దోషి క్లచ్చి.

మూడో పరీక్ష: ఐడ్లింగే దోషి అయితే అది పెరగడానికి కారణం ఏమిటి? స్క్రూ తనంత తాను తిరగదు. చేతిపిడిని కుడికీ ఎడమకూ తిప్పితే ఇంజను శబ్దం పెరుగుతోందా? అయితే యాక్సిలరేటరు కేబులు బిగుసుకుంది. చోకు పూర్తిగా మూయకుండా వదిలేశారా? యాక్సిలరేటరు వదలగానే శబ్దం ఆలస్యంగా దిగుతోందా? అయితే కార్బ్యురేటరు లోపలి పిస్టను మురికితో అంటుకుంటోంది. వేగం నిలకడ లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉందా? కార్బ్యురేటరుకూ ఇంజనుకూ మధ్య గొట్టం చిట్లి దొంగగాలి చేరుతూ ఉండవచ్చు.

నాలుగో పరీక్ష: క్లచ్చే దోషి అయితే అప్పుడు మూత విప్పాలి. స్ప్రింగు విరిగిందా, సాగిందా? షూ తిరిగే కీలు తుప్పుతోనో మురికితోనో బిగుసుకుపోయి వెనక్కి రాలేకపోతోందా? స్ప్రింగు లేక డ్రమ్ము మీద నీలం రంగు మచ్చలున్నాయా? ఉక్కు బాగా కాలితే ఇలా నీలం తిరుగుతుంది. వేడికి స్ప్రింగు పటుత్వం పోయిందనడానికి అది సాక్ష్యం.

ఒక జబ్బు దాచబోతే మరో జబ్బు

ఒక కొబ్బరికాయల వ్యాపారి బండి తీసుకుందాం. వానాకాలంలో వారం రోజులు బండి కదలలేదు. తరువాత తీస్తే, కాలువ వంతెన దగ్గర ఆగినప్పుడల్లా ఇంజను ఆగిపోతోంది. బస్తాల బరువుతో మాటిమాటికీ కిక్కు కొట్టడం ఎంత కష్టం! ఎవరో సలహా ఇచ్చారు: ఐడ్లింగు కాస్త పెంచుకో. పెంచారు. ఇంజను ఆగడం మానింది. వ్యాపారి సంతోషించాడు.

కాని అసలు జబ్బు ఏమిటి? ఐడ్లింగులో ఇంజనుకు పెట్రోలు అందేది పైలట్ జెట్టు అనే అతి సన్నని రంధ్రం గుండా. నిలవ పెట్రోలులోని జిగురు పేరుకుంటే అది మూసుకుపోతుంది. ఇక నీటి సంగతి. 2025 నాటికి మన బంకుల్లోకి 20 శాతం ఇథనాలు కలిసిన ఇ-20 పెట్రోలు వచ్చింది. ఇథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగుకు చేరతాయి. గొట్టం బయలుదేరేది కూడా అడుగు నుంచే! డెల్టాలో వానాకాలపు తేమ ఎంతో మీకు చెప్పనక్కర లేదు. జెట్టు శుభ్రం చేసి, పాత పెట్రోలు తీసివేస్తే సరిపోయేది.

అలా చేయకుండా వేగం పెంచితే ఏమైంది? క్లచ్చి ఎడం పోయింది. వ్యాపారి ఆగిన ప్రతిచోటా షూలు డ్రమ్మును రాస్తూనే ఉన్నాయి. బ్రేకు పట్టుకుని ఉంటే ఆ శక్తంతా వేడిగా మారుతుంది. ఒక కిలోవాటు చొప్పున పది సెకన్లు రాస్తే 10,000 జౌళ్ల వేడి పుడుతుంది. అదంతా అర కిలో ఉక్కు డ్రమ్ముకే చేరితే, ఉక్కు విశిష్టోష్ణం కిలోకు సుమారు 500 జౌళ్లు గనుక, ఉష్ణోగ్రత 40 డిగ్రీలు పెరుగుతుంది. అదీ ఒక్కసారి ఆగినందుకు! రోజుకు అలా ఎన్నిసార్లు ఆగాలో లెక్కవేయండి. వేడికి లైనింగు గాజులా నున్నబడుతుంది. స్ప్రింగు నీరసిస్తుంది. ఇప్పుడు ఐడ్లింగు మళ్లీ తగ్గించినా చక్రం ఆగదు. జెట్టులో మొదలైన జబ్బు క్లచ్చిదాకా పాకింది. రోగం ఒకచోట, మందు ఒకచోట అంటే ఇదే.

శబ్దమే గాని కదలిక లేదు

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన జబ్బు కూడా ఉంది. యాక్సిలరేటరు తిప్పితే ఇంజను అరుస్తుంది గాని బండి ఈడ్వదు. మన ప్రాంతం బల్లపరుపు నేల కాబట్టి మనకు కొండలంటే కాలువ వంతెనల ఎక్కుళ్లే. జబ్బు బయటపడేది అక్కడే. లైనింగు అరిగిపోయినా, నున్నబడినా, పొడి క్లచ్చిలోకి నూనె కారినా ఘర్షణ గుణకం తగ్గి షూలు జారతాయి. పై లెక్కలోని స్ప్రింగుతో 3000 చుట్ల దగ్గర ప్రతి షూ డ్రమ్మును 395 - 150, అనగా 245 న్యూటన్లతో నొక్కుతుంది. లాగే శక్తి ఈ నొక్కుడునూ, ఘర్షణ గుణకాన్నీ బట్టి ఉంటుంది. వంతెన మీద నత్తనడకన, సగం పట్టిన క్లచ్చితో ఎక్కడం దానికి ప్రాణాంతకం. కార్టు నడిపేవారు ఒక కాలు బ్రేకు మీద, మరో కాలు యాక్సిలరేటరు మీద పెట్టకూడదనేదీ ఇందుకే.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.-6 నిబంధనలు అమలులోకి వచ్చాయి. అటుపైన వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బ్యురేటరు స్థానంలో పెట్రోలును చిమ్మే ఇంజెక్టరూ, దానిని నడిపే చిన్న కంప్యూటరూ ఉన్నాయి. వాటి ఐడ్లింగు విషయం తగిన పరికరం ఉన్న మెకానిక్కుకే వదలాలి. కాని మోపెడ్డు క్లచ్చి మాత్రం పాత సూత్రం మీదనే పనిచేస్తోంది. మన ప్రశ్న కూడా మారలేదు: నీరు పెరిగిందా, గట్టు కుంగిందా?

జాగ్రత్త!

ఈ జబ్బు ఉన్న బండిని స్టాండు తీసి స్టార్టు చేస్తే ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఒక పక్క కాలువ, ఒక పక్క బోదె ఉన్న గట్టు మీద అది ఎంత ప్రమాదమో ఊహించండి. స్టాండు మీద తిరిగే చక్రానికీ, గొలుసుకూ చేతులు, పమిటలు, లుంగీ అంచులు దూరంగా ఉండాలి. మూసిన గదిలో ఇంజను నడపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా లేవు, ప్రాణం తీస్తుంది. పైన చెప్పిన పరీక్షలు మెకానిక్కు చేస్తుండగా మీరు పక్కన నిలబడి చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు రోడ్డు మీద బండి నడపరాదు. 50 ఘనపు సెంటీమీటర్లు మించని ఇంజనుకు మాత్రమే 16 ఏళ్ల వారికి మినహాయింపు ఉంది. ఎక్స్.ఎల్. 100 ఇంజను దానికి రెట్టింపు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులదీ, బండి యజమానిదీ బాధ్యత అని 2019 సవరణ చెబుతోంది.

మీరే చేసి చూడండి

ఇంజను లేకుండానే ఈ క్లచ్చిని అర్థం చేసుకోవచ్చు. రీఫిల్లు తీసిన పెన్ను గొట్టంలోంచి గట్టి దారం దూర్చండి. పై కొనకు 20 గ్రాముల రబ్బరు ముక్క కట్టండి. కింది కొనకు మొత్తం 100 గ్రాములు తూగే వాషర్లు కట్టండి. గొట్టం పై అంచు నుంచి రబ్బరు దాకా దారం 50 సెంటీమీటర్లు ఉన్నప్పుడు, గొట్టం కింది అంచుకు కొద్దిగా దిగువన దారం మీద సిరా గుర్తు పెట్టండి. ఖాళీ స్థలంలో, ఎవరూ దగ్గర లేకుండా చూసి, గొట్టం పట్టుకుని రబ్బరును తల మీదుగా తిప్పండి. గుర్తు ఉన్నచోటనే నిలిచేలా తిప్పుతుండగా 20 చుట్లకు పట్టే కాలాన్ని స్నేహితుడు కొలవాలి. సుమారు 12 లేక 13 సెకన్లు వస్తుంది. కొంచెం వేగం పెంచి చూడండి. రబ్బరు బయటికి జరిగి వాషర్లు పైకి లేస్తాయి. మీ క్లచ్చి పట్టుకుంది!

ఇప్పుడు సగం వాషర్లు తీసివేసి మళ్లీ తిప్పండి. అనగా స్ప్రింగు నీరసించిందన్నమాట. ఈసారి 20 చుట్లకు సుమారు 18 సెకన్లు పడుతుంది. తక్కువ వేగంలోనే రబ్బరు బయటికి జరుగుతోంది. వాషర్లు సగమైతే వేగం సగం కాలేదు, ఎందుకని? వేగం వర్గాన్ని గుర్తు తెచ్చుకుని మీరే తేల్చండి.

మరి రెండు ప్రశ్నలు. క్లచ్చిలో బరువైన షూలు వేస్తే అది ముందుగా పట్టుకుంటుందా, ఆలస్యంగా పట్టుకుంటుందా? విద్యుత్తు స్కూటరుకు ఐడ్లింగు ఎందుకు అవసరం లేదు? రెండింటికీ కావలసిన సమాచారమంతా ఈ వ్యాసంలోనే ఉంది. జవాబులు రాసుకుని, మీ వీధి మెకానిక్కు గారికి చూపించండి. ఆయన ఒప్పుకోకపోతే ఎందుకో అడగండి. ఆ సంభాషణలో మీరు నేర్చుకునేది ఇంతకన్నా ఎక్కువే ఉంటుంది.